కూలీ ఓడ ఎక్కిన తాత ఊరు వెతకడం ఎలా: నేటాల్, మారిషస్, ఫిజీ రికార్డులు చదివే పద్ధతి

డర్బన్ నుంచో మారిషస్ నుంచో ఒకరోజు మీకో మెసేజ్ వస్తుంది. "మా ముత్తాతది మీ వైపేనట, ఊరు కనుక్కోగలరా?" అని. కింద ఓ కాగితం ఫొటో. అందులో ఒక నంబరు, ఒక పేరు, విశాఖపట్నాన్ని దొరల స్పెల్లింగులో రాసిన ముక్క, ఎక్కడుందో తెలియని ఒక ఊరి పేరు. లేదంటే కథ ఇటువైపు నుంచే మొదలవుతుంది. "మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్ళీ రాలేదు" అని మీ నాయనమ్మ ఎప్పుడో అని ఉంటుంది.

ఈ రెండు రకాల వాళ్ళకీ పనికొచ్చేలా రాస్తున్నాను. ఇలాంటి వెతుకులాటల్లో కొన్నిట్లో నేనూ తిరిగాను. కొన్ని తేలాయి, కొన్ని తేలలేదు. తేలినవాటన్నిట్లో ఒకటే కనిపించింది: వాళ్ళు పేరుని కాదు, నంబరుని పట్టుకున్నారు. ఒప్పందపు కూలీని, అంటే ఐదేళ్ళ ఒప్పందం మీద పరాయి దేశపు తోటల్లో పనికి వెళ్ళిన మనిషిని, సర్కారు గుర్తుపట్టింది నంబరుతోనే. పేరు ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కో రకంగా మారిపోయింది. నంబరు మాత్రం ఓడ దిగిన రోజు నుంచి చావు సర్టిఫికెట్ దాకా అలాగే ఉంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఎక్కడికి వెళ్ళారు?

ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో "ఓడెక్కి పోయాడు" అంటే సగం సార్లు అది రంగం. అంటే రంగూన్, బర్మా. అక్కడికి కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లలో మేస్త్రీల వెంట కోతలకీ మిల్లు పనులకీ వెళ్ళేవాళ్ళు. చాలామంది రెండు మూడేళ్ళకి తిరిగొచ్చేవాళ్ళు. ఆ ప్రయాణానికి మనిషి మనిషికీ వివరాలు రాసిన ఒప్పందపు రిజిస్టర్లు లేవు. కాబట్టి ఇంట్లో వాళ్ళ నోట "రంగం" అన్న మాట వస్తే, కింద చెప్పే దారులు చాలావరకు మీకు పనికిరావు. మలయా తోటలకి కంగాణీల (కూలీల్ని కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీల) వెంట వెళ్ళినవాళ్ళదీ ఇంచుమించు ఇదే కథ.

ఐదేళ్ళ ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళ సంగతి వేరు. బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం 1834లో అమల్లోకొచ్చింది. చెరకు తోటల్లో పనికి మనుషులు కావాల్సి వచ్చి, అదే ఏడాది నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలతో మారిషస్ చేరింది. 1917లో ఈ వలస ఆగిపోయేదాకా చాలా దేశాలకి లక్షలమంది వెళ్ళారు. తెలుగువాళ్ళు ఎక్కువగా వెళ్ళిన చోట్లు మూడు. మారిషస్‌కి 1830ల నుంచి, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి 1860 నుంచి 1911 దాకా, ఫిజీకి 1903 నుంచి 1916 దాకా.

ఈ సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి, చాలా పని తప్పుతుంది. ఫిజీకి మొదటి ఓడ లియోనిడాస్ 1879లో వెళ్ళింది కానీ అది కలకత్తా నుంచి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లోనే మొదలయ్యాయి. అందుకని "మా తాత 1885లో విశాఖ నుంచి ఫిజీ వెళ్ళాడు" అని ఎవరన్నా అంటే, సంవత్సరమైనా తప్పు కావాలి, దేశమైనా తప్పు కావాలి. నేటాల్ సంగతీ అంతే. 1866లో ఆగిపోయిన ఓడలు మళ్ళీ 1874లో మొదలయ్యాయి. ఆ మధ్య సంవత్సరాల్లో వెతకడం దండగ.

ఇంట్లో చెప్పుకునే కరువుల పేర్లు కూడా ఆనవాళ్ళే. "ధాత కరువులో పోయాడు" అంటే 1876 నుంచి 1878 మధ్య అనుకోవచ్చు. ధాత నామ సంవత్సరం 1876లో వచ్చింది.

ఇంట్లో కాగితాల్లో నంబరు వెతకండి

నంబరు దొరికేది పాత పాస్‌పోర్టుల్లోనో ఫొటో ఆల్బమ్‌లోనో కాదు, పుట్టుక, పెళ్ళి, చావు సర్టిఫికెట్లలో. అక్కడి సర్కార్లు కూలీల పిల్లల పుట్టుక రాసేటప్పుడు కూడా తల్లిదండ్రుల నంబర్లు రాసేవి. అందుకే విదేశంలో ఉన్న వారసుడు చేయాల్సిన మొదటి పని తన దగ్గర్నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్తూ సర్టిఫికెట్లు తీయించుకోవడం. నాన్నది, తర్వాత తాతది, తర్వాత ముత్తాతది. మధ్యలో ఒక తరాన్ని దాటేసి "మా ముత్తాత పేరు రాములు, చూడండి" అంటే, వందల రాముళ్ళలో ఏ రాములని చూస్తారు?

నంబరు దొరికాక అదే చాలా చెబుతుంది. నేటాల్‌లో నంబర్లు ఒకటి నుంచి మొదలై ఓడ తర్వాత ఓడ వరసగా పెరుగుతూ వెళ్ళాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడతో మొదలై 1911లో ఆగేసరికి మొత్తం 1,52,184 మంది. వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. తొలి విడతలో, అంటే 1866 లోపు, వెళ్ళింది ఆరున్నర వేలమంది లోపే. కాబట్టి నాలుగంకెల నంబరులో మొదటి అంకె మూడో నాలుగో అయితే ఆ మనిషి 1860ల్లో దిగాడని ఇంకేమీ చూడకుండానే చెప్పొచ్చు. నంబరు లక్ష దాటితే ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చినట్టే.

ఏ దేశపు రికార్డు ఎక్కడ ఉంది

నేటాల్ వాళ్ళకి పని కాస్త సులువు. ఓడల జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని ఏళ్ళ తరబడి జరిగింది. క్వాజులు నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ–లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా వాటిని ఇంట్లో కూర్చుని చూడొచ్చు. నంబరు ఉంటే జాబితాలో ఆ మనిషి వివరాలున్న వరస నేరుగా దొరుకుతుంది. ఊరి నుంచి వెతికే మనవాళ్ళకి కూడా ఈ జాబితాలే దిక్కు. జిల్లా, తాలూకా, ఊరు అన్న గడులు ఉంటాయి కాబట్టి, ఓపికుంటే మీ ఊరి పేరుతో వెళ్ళినవాళ్ళందర్నీ ఏరుకోవచ్చు. ఓపిక అని ఊరికే అనలేదు, స్పెల్లింగుల సంగతి కింద చెప్తాను.

ఓడ జాబితాతో ఆగిపోకండి. నేటాల్‌లో భారతీయ వలసదారుల రక్షకుడు అనే అధికారి ఉండేవాడు. ఆ ఆఫీసు ఫైళ్ళలో కూలీల ఫిర్యాదులు, వాంగ్మూలాలు, పెళ్ళి రిజిస్ట్రేషన్లు, తోట మారిన వివరాలు ఉన్నాయి. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ కేటలాగులో పేరుతోనూ నంబరుతోనూ వెతకొచ్చు. 1895లో ఒక చట్టం వచ్చింది. ఐదేళ్ళ ఒప్పందం అయ్యాక మళ్ళీ ఒప్పందం రాసుకోవాలి, లేదా ఇండియాకి వెళ్ళిపోవాలి, రెండూ కాదంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. మొదట నెలకి పది షిల్లింగులు జీతం తీసుకున్న మనిషికి అది ఆరు నెలల సంపాదన. ఆ చట్టం కింద వెళ్ళినవాళ్ళకి ఐదేళ్ళ దగ్గర ఇంకో కాగితం పుట్టి ఉంటుంది. ఆ రెండో కాగితం కోసం కూడా చూడండి. ఆస్తి వదిలి చనిపోయినవాళ్ళకైతే వారసత్వ ఫైలు ఉంటుంది, అందులో పిల్లలందరి పేర్లూ ఉంటాయి.

మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. నాలుగున్నర లక్షల మంది దాకా దిగిన దీవి అది, వాళ్ళలో సుమారు మూడో వంతు మద్రాసు వైపు నుంచి వెళ్ళినవాళ్ళు. అక్కడ పద్ధతి ఏమిటంటే, వారసులు సివిల్ స్టేటస్ (పుట్టుక, పెళ్ళి, చావు) సర్టిఫికెట్లు వరసగా పెట్టి దరఖాస్తు చేయాలి. పాత సర్టిఫికెట్లలో ఎక్కడో ఒకచోట వలసదారు నంబరు ఉంటుంది. దాన్ని బట్టి సిబ్బంది రిజిస్టర్ తీసి వివరాలు రాసిస్తారు. అదృష్టం బాగుంటే ఫొటో కూడా దొరుకుతుంది. 1860ల మధ్య నుంచి మారిషస్‌లో కూలీల టికెట్ల మీద ఫొటోలు అతికించారు. మన దగ్గర జమీందార్ల ఇళ్ళలో తప్ప ఫొటో అన్నదే లేని రోజుల్లో, విజయనగరం వైపు నుంచి వెళ్ళిన ఒక పొలం కూలీ ముఖం అక్కడ భద్రంగా ఉండటం తల్చుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ ఫొటో తీసింది మనిషి మీద ప్రేమతో కాదు, పారిపోతే పట్టుకోవడానికి. అయినా ఇవాళ ఆ కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క బొమ్మ అదే.

మారిషస్ వెళ్ళగలిగితే పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ చూడండి. కూలీలు దిగిన మెట్లు అక్కడే ఉన్నాయి. 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. కానీ రికార్డు కావాలంటే వెళ్ళాల్సింది మోకాకి.

ఫిజీలో రికార్డుని పాస్ అంటారు. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం, సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1879 నుంచి 1916 దాకా వెళ్ళిన సుమారు 60 వేల మందిలో మద్రాసు నుంచి వెళ్ళింది 15 వేల మంది దాకా. ఓడ పేరు, పాస్ నంబరు తెలిస్తే చాలు. ఈ పాసులో నాకు బాగా నచ్చే గడి ఒకటుంది: దగ్గరి బంధువు పేరు. తండ్రి పేరు చాలా రికార్డుల్లో ఉంటుంది, కానీ ఇక్కడ అన్న పేరో, బావ పేరో, తల్లి పేరో దొరికే వీలుంది. ఊళ్ళో వెతికేటప్పుడు ఆ రెండో పేరే తాళం తీస్తుంది.

ఫ్రెంచి వలసలది వేరే దారి. యానాం ఫ్రెంచివాళ్ళది కాబట్టి 1820ల చివర్లోనే అక్కడి నుంచి రీయూనియన్ దీవికి తెలుగు కూలీలు వెళ్ళారు. రీయూనియన్, గ్వాడలూప్, మార్టినిక్‌ల పుట్టుక, పెళ్ళి, చావు రిజిస్టర్లు ఫ్రాన్స్‌లోని ఎక్స్ అన్ ప్రొవాన్స్ నగరంలో ఉన్న విదేశీ వలసల ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అన్నీ ఫ్రెంచిలో, చేతిరాతలో ఉంటాయి. రీయూనియన్‌లో దక్షిణాది వాళ్ళందర్నీ "మలబార్" అనే అన్నారు కాబట్టి ఆ మాట చూసి కేరళ వైపు వెళ్ళిపోకండి.

గయానా, ట్రినిడాడ్‌లకి ఎక్కువ ఓడలు కలకత్తా నుంచే వెళ్ళాయి, మద్రాసు ఓడలు తక్కువ. సురినామ్ జాబితా నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్ సైట్‌లో వెతుక్కునే వీలుంది కానీ అందులో తెలుగువాళ్ళ కోసం చూడటం ఎండుగడ్డిలో సూది వ్యవహారం.

ఒక వరస చదువుదాం

ఇది నేను పోలికకి కట్టిన వరస, ఏ ఒక్క మనిషిదీ కాదు. కానీ అసలు వరసలు ఇలాగే ఉంటాయి:

పేరు అప్పిగాడు. తండ్రి రామిగాడు. మగ, 22. కులం జెంటూ. జిల్లా విజాగపటం. తాలూకా అనకాపల్లి. ఊరు కొట్టకోట. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. గుర్తు: పొట్ట మీద కాల్చిన మచ్చలు.

మొదటి రెండు గడులు చూడండి. ఇంటిపేరు లేదు. దాదాపు ఎక్కడా ఉండదు. మనవాళ్ళు వారసుల్ని మొదట అడిగేది "మీ ఇంటిపేరేంటి?" అనే. వాళ్ళ దగ్గర ఉండేది ఇంటిపేరు కాదు, ముత్తాత ఒంటి పేరే మూడు తరాల్లో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. ఇక "గాడు" అన్నది తిట్టు కాదు. ఊళ్ళో కూలీనాలీ జనాన్ని పిలిచిన తీరుని గుమాస్తా విన్నది విన్నట్టు రాసుకున్నాడు, అంతే. మారిషస్‌లో ఇప్పటికీ ఆ "గాడు" తోక ఉన్న ఇంటిపేర్లు వినిపిస్తాయి. వాళ్ళకి దాని అర్థం చెప్పాల్సి వస్తే కొంచెం జాగ్రత్తగా, ప్రేమగా చెప్పండి.

కులం గడిలో "జెంటూ" అన్నది కులమే కాదు. తెలుగువాళ్ళని దొరలు అలా పిలిచేవాళ్ళు. ఆ మాట ఉందంటే కులం తెలియదు కానీ భాష తెలిసిపోయినట్టే, అది చిన్న లాభం కాదు. కొన్నిట్లో గవర, తెలగ, వెలమ, మాల, యాత, గొల్ల అని సరిగానే ఉంటుంది. అవి కూడా కళ్ళు మూసుకుని నమ్మొద్దు. రిక్రూటరు చెప్పమన్నది చెప్పినవాళ్ళున్నారు, ఒకే కుటుంబంలో అన్నదమ్ములకి రెండు రకాలుగా రాసిన సందర్భాలున్నాయి.

పొట్ట మీద కాల్చిన మచ్చలు ఏమిటని డర్బన్ నుంచి అడిగితే మొదట నేనూ దొరల హింస అనుకున్నాను. మా అమ్మ చూసి నవ్వింది. "వాతలు రా, పసిపిల్లలకి వాతలు పెట్టేవాళ్ళు కాదూ!" అంది. ఓడ ఎక్కకముందే, ఆ మనిషి తల్లి ఒళ్ళో ఉండగానే, మంత్రసానో నాటువైద్యుడో పెట్టిన గుర్తు అది. ఇలాగే పచ్చబొట్లు, మశూచి మచ్చలు, చెవి తమ్మెలు తెగి ఉండటం లాంటివి కనిపిస్తాయి. ఒకే పేరున్న ఇద్దర్ని విడదీయడానికి ఇవి బాగా పనికొస్తాయి.

ఆడవాళ్ళ వరసల దగ్గర ఒక జాగ్రత్త. వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళుండాలని నిబంధన. ఆ లెక్క కుదరడానికి డిపోలో, అంటే ఓడ ఎక్కేముందు కూలీల్ని ఉంచే చోట, తిప్పలు పడేవాళ్ళు. డిపోలో పరిచయమై, అక్కడే జతకట్టి, జాబితాలో భార్యాభర్తలుగా ఎక్కిన జంటలున్నాయి. కాబట్టి భర్త ఊరూ భార్య ఊరూ వేరే జిల్లాలైతే కంగారు పడొద్దు, అది రాతలో తప్పు కాకపోవచ్చు. భార్య ఊరిని వదిలేయకుండా అదీ విడిగా వెతకండి.

పేరుని మళ్ళీ తెలుగులోకి తెచ్చుకోవడం

మద్రాసు డిపోలో తెలుగు పేరు విన్న గుమాస్తా తరచు తమిళుడు, రాసింది ఇంగ్లీషులో. తమిళ చెవికి గ–క, డ–ట, ద–త, బ–ప ఒకదాన్నొకటి మింగేస్తాయి. గంగమ్మ కంగమ్మ అవుతుంది, దాలయ్య తాలయ్య అవుతాడు. తర్వాత డర్బన్‌లో ఇంకో తెల్ల గుమాస్తా ఆ అక్షరాల్ని తిరగరాశాడు. నాయుడు చివర దీర్ఘం వచ్చి నాయిడూ అయింది. మారిషస్‌లో ఫ్రెంచి ఉచ్చారణ దీనికి తోడు. అందుకని పేరుని కంటితో చదవకండి, పైకి అనండి. రెండు మూడు రకాలుగా అనండి. మీ ఊళ్ళో ముసలమ్మ చేత కూడా అనిపించండి, ఆవిడకి చటుక్కున తడుతుంది.

ఈ పనిలో మనకి ఉన్న పెద్ద ఆసరా గ్రామదేవతలు. మనవాళ్ళు దగ్గర్లోని దేవుడి పేరే పెట్టుకున్నారు కాబట్టి, జిల్లా గడి చిరిగిపోయినా పేరే ప్రాంతాన్ని పట్టిస్తుంది. అప్పలస్వామి, అప్పన్న, సింహాచలం, సన్యాసి అంటే సింహాచలం అప్పన్న పరిధి. పైడమ్మ, పైడయ్య అంటే విజయనగరం పైడితల్లి. నూకయ్య, నూకాలమ్మ అంటే అనకాపల్లి వైపు. కూర్మయ్య, కూర్మినాయుడు అంటే శ్రీకూర్మం. పెంచలయ్య అంటే నెల్లూరు వైపు పెంచలకోన. మునెమ్మ, మునుస్వామి అయితే చిత్తూరు దిక్కుకి చూడాలి. రాముడు, లక్ష్మి లాంటి పేర్లు మాత్రం ఏ సాయమూ చెయ్యవు.

ఊరి పేరుతో కుస్తీ

అన్నిటికన్నా ఎక్కువ టైము పట్టేది ఇదే. ముందు రికార్డులోని జిల్లాని ఇవాళ్టి జిల్లా అనుకోవడం మానేయాలి.

రికార్డులో గంజాం అని ఉంటే వెంటనే ఒడిశా వెళ్ళకండి. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట అన్నీ 1936 దాకా గంజాం జిల్లాలోనే ఉన్నాయి. శ్రీకాకుళాన్ని అప్పుడు చికాకోల్ అని రాసేవాళ్ళు. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. కాబట్టి ఏ కూలీ కాగితంలోనూ ఆ రెండూ జిల్లాలుగా కనిపించవు. విజాగపటం అంటే ఇవాళ్టి విశాఖ, అనకాపల్లి, విజయనగరం, ఇంకా పాలకొండతో సహా పార్వతీపురం మన్యం కూడా.

తూర్పు, పశ్చిమ గోదావరి అన్న జిల్లాలు 1925 ముందు లేవు. గుంటూరు 1904 ముందు కృష్ణా జిల్లాలో భాగం. అన్నిటికన్నా ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఉత్తర ఆర్కాట్. ఆ పేరు చూడగానే తమిళులని రాసేస్తారు. చిత్తూరు, చంద్రగిరి, శ్రీకాళహస్తి, పలమనేరు 1911 దాకా ఉత్తర ఆర్కాట్‌లోవే. డర్బన్‌లో తాము తమిళులమనుకుంటూ ఇంట్లో తిరునాళ్ళకి తెలుగు భజన పాడుకునే కుటుంబాలకి ఈ గడి దగ్గర జవాబు దొరకొచ్చు. ఇక రికార్డులో మద్రాసు అని ఉంటే అది చాలాసార్లు ఓడెక్కిన రేవు పేరే.

జిల్లా తేలాక తాలూకా పట్టుకుని ఊరికి రావాలి. నేను మొదటిసారి చేసిన తప్పు చెప్తాను. కాగితంలో ఊరు పేరు చూసి, గూగుల్ మ్యాప్స్‌లో మొదట వచ్చిన కొత్తపేటకి బయల్దేరాను. రెండు రోజులు తిరిగాను. రచ్చబండ దగ్గర ముసలాయన ఒకరు తీరిగ్గా విని, "ఇలాంటి కొత్తపేటలు ఈ చుట్టుపక్కలే మూడున్నాయి బాబూ" అన్నారు. కొత్త, పాత, చిన్న, పెద్ద, పాలెం, వలస, అగ్రహారం: ఈ ముక్కలున్న పేరు దొరికితే ముందు పాత తాలూకాలో ఆ పేరున్న ఊళ్ళన్నీ కాగితం మీద రాసుకోండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో తాలూకాలవారీగా అచ్చు వేసిన గ్రామాల జాబితాలు, 1907లో వచ్చిన విశాఖ, గోదావరి జిల్లాల గెజెటీర్లు ఇంటర్నెట్‌లో స్కాన్లుగా దొరుకుతాయి. వాటిలో ఊళ్ళ స్పెల్లింగు కూడా ఆ కాలానిదే ఉండటం వల్ల కూలీ కాగితంతో సరిపోల్చుకోవడం తేలిక.

ఇంకో మెలిక. కొన్నిసార్లు రాసింది పుట్టిన ఊరు కాదు, రిక్రూటరు చేతికి చిక్కిన ఊరు. కరువు రోజుల్లో పని వెతుక్కుంటూ పట్నం వచ్చినవాడు పట్నం పేరే చెప్పాడు. ఊరి గడిలో అనకాపల్లి, రాజమండ్రి లాంటి పెద్ద పేరుంటే అనుమానించండి.

ఊళ్ళోకి వెళ్ళాక

చాలామంది సరాసరి ఎమ్మార్వో ఆఫీసుకెళ్ళి పాత అడంగల్, అంటే ఊరి భూముల లెక్క, అడుగుతారు. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన రైత్వారీ ఊళ్ళకి డైగ్లాట్, ఆర్.ఎస్.ఆర్ అనే పాత భూమి రిజిస్టర్లు ఉంటాయి. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం లాంటి జమీందారీ ఎస్టేటు ఊళ్ళకైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలే సర్కారు దగ్గర మొదటి లెక్క. కానీ ఆలోచించండి, ఓడెక్కినవాడికి పొలం ఉంటే ఓడెందుకు ఎక్కుతాడు? భూమి లేనివాడి పేరు భూమి రికార్డులో ఉండదు. అడంగల్ చూడండి, కాదనను, దగ్గరి బంధువు పేరైనా తగలొచ్చు. కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

మనుషుల్ని అడగటమే మెరుగు. అడిగే పద్ధతి ముఖ్యం. "1889లో మీ ఊరి నుంచి నేటాల్ ఎవరెళ్ళారు?" అంటే ఎవరూ పలకరు. "మీ పెద్దవాళ్ళలో ఓడెక్కి పోయి రానివాళ్ళున్నారా? కరువులో ఊరొదిలిపోయిన ఇంటివాళ్ళున్నారా?" అనాలి. కులం పేటకి ఆ కులం పెద్దని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఊళ్ళో క్రైస్తవులుంటే పాత చర్చి బాప్తిస్మం రిజిస్టరు గురించి కూడా అడగండి. పేరు, తండ్రి పేరు, దగ్గరి బంధువు పేరు ఈ మూడూ ఒక్క ఇంటి కథలో కలిస్తే సరైన ఇల్లని అనుకోవచ్చు. ఒక్క పేరే కలిస్తే ఇంకా కాదు.

విదేశాల నుంచి మనిషి వస్తున్నాడంటే ఊళ్ళో ఆశలు పుడతాయి, ఆస్తి తగాదాలేమోనన్న భయాలూ పుడతాయి. మొదటి పది నిమిషాల్లోనే స్పష్టంగా చెప్పేయండి: పొలం కోసం కాదు, పేరు కోసం వచ్చామని. నేను ఒకసారి ఈ మాట చెప్పడం ఆలస్యం చేశాను. అప్పటిదాకా కబుర్లు చెప్పిన ఇంటాయన లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

మన దేశపు ఆర్కైవ్స్‌లో ఏముంది

చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ రెండిట్లోనూ వలసల ఫైళ్ళు బోలెడున్నాయి. జాతీయ ఆర్కైవ్స్‌వి అభిలేఖ్ పటల్ పోర్టల్లో ఇంటి నుంచే వెతకొచ్చు, వలసల శాఖ ఫైళ్ళు స్కాన్లతో సహా కనిపిస్తాయి. కానీ వాటిలో ఎక్కువగా దొరికేది విధానాలు, ఏటేటా వలసదారుల రక్షకుడు ఇచ్చిన రిపోర్టులు, ఓడల్లో చావుల లెక్కలు, రిక్రూటర్ల మీద ఫిర్యాదులు. మనిషి పేరుతో వివరాలు కావాలంటే దిగిన దేశపు రికార్డే గతి. అందుకే పని అటు నుంచి మొదలుపెట్టమంటున్నాను. ఓడ పేరు తేలాక మాత్రం ఇక్కడి రిపోర్టులు బాగా పనికొస్తాయి. ఆ ఏడాది మద్రాసు నుంచి ఎన్ని ఓడలు వెళ్ళాయో, దారిలో కలరా వచ్చిందో లేదో వాటిలో తెలుస్తుంది.

డబ్బు తీసుకుని "మీ మూలాలు వారంలో తేలుస్తాం" అనేవాళ్ళు బయల్దేరారు. రికార్డు నకలు చూపించకుండా ఊరి పేరు మాత్రం చెప్పేవాళ్ళకి పైసా ఇవ్వొద్దు. డీఎన్‌ఏ పరీక్షలు దక్షిణ భారతం అని చెప్తాయి తప్ప కొట్టకోట అని చెప్పవు.

కొందరికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన దేశం ఇచ్చే కార్డు) కోసం కూడా ఈ కాగితాలు కావాలి. 2024 మార్చిలో మారిషస్ వెళ్ళిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, భారతీయ మూలాలున్న అక్కడివాళ్ళలో ఏడో తరం దాకా ఓసీఐకి అర్హత ఇస్తున్నట్టు ప్రకటించారు. దానికి ఊరు వెతకడం అక్కర్లేదు. తరం తర్వాత తరం సర్టిఫికెట్లు, వలసదారు రికార్డు ఉండాలి. కాబట్టి ఊరు తేలకపోయినా మొదట పోగేసిన కాగితాలు వృథా పోవు.

తేలింది, తేలనిది రాసి పంపడం

చివరికి వారసులకి పంపేటప్పుడు మూడు విషయాలు విడివిడిగా రాయండి: రికార్డులో ఉన్నది ఉన్నట్టు, మీరు ఊహించినది, ఊళ్ళోవాళ్ళు చెప్పినది. ఈ మూడూ కలిపేసి కథ అల్లితే, ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళ మనవడు ఆ కథనే రికార్డు అనుకుంటాడు. ఊరి ఫొటో పంపితే బోర్డు కనపడేలా తీయండి. వాళ్ళకి తెలుగు చదవడం రాకపోయినా సరే, ఊరి పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి దానితో పాటు పంపండి, పలకడం ఎలాగో వాయిస్ మెసేజ్ పెట్టండి. డర్బన్‌లో ఒక పెద్దావిడ ఆ వాయిస్ మెసేజ్ విని తిరిగి అని పంపింది. "కొత్తకోట"లో "త్త" వత్తలేకపోయింది, కొట్టకోట అనే అంది. గుమాస్తా రాసింది కూడా అదే.